నెల్లూరుసీమ చరిత్రమున మఱుగుపడిన స్త్రీలు – చారిత్రక నవల

నెల్లూరుసీమ పూర్వకథలలో స్త్రీ నోరు విప్పిన సందర్భములు మిక్కిలి తక్కువ. విప్పిన చోట్ల ఒకామె మాట యుద్ధమునకు కారణమైనదందురు; మఱియొకామె మాట యుద్ధమునుండి మరలివచ్చిన వీరుని తిరిగి చావునకు పంపినదందురు. ఈ రెండు మాటల నడుమ ఒక దేశపు గడ్డి, నీరు, పశువులు, పన్ను ఉన్నవి. వానిని గూర్చి మాటలాడినవారందఱు పురుషులే. మఱుగుపడిన స్త్రీలను కథలోనికి తెచ్చుటయే చారిత్రక నవలాకారుని పనులలో ముఖ్యమైనదని యిటీవల తఱచుగా వినుచున్నాము. ఆ పని తెలుగున ఎంతవఱకు జరిగినదో, నెల్లూరు తీరమున ఎంత మిగిలియున్నదో పరిశీలించుట యీ వ్యాసమునకు ఉద్దేశము.

కొన్నియేండ్ల క్రిందట మేము ఎం.ఏ. తరగతిలో చాటుపద్యములను బోధించుచుండగా ఒక విద్యార్థిని లేచి, "చానమ ఆ మాట అనకముందు ఏమి చేయుచుండెను, మాస్టారూ?" అని యడిగినది. తరగతి నవ్వినది. మేమును నవ్వితిమి. ఇంటికి వచ్చిన పిదప ఆ ప్రశ్న నవ్వవలసినది కాదని తోచినది. ఇరువదియేండ్లుగా ఆ కథను చెప్పుచున్న మాకు దానికి సమాధానము తెలియదు. తెలియవలెనని తోచనైనను లేదు.

కథ పాఠకు లెఱిగినదే యైనను, మా వాదమునకు అవసరమైనంత మేరకు చెప్పుదుము. 13వ శతాబ్ది నడిమి భాగమున విక్రమసింహపురము రాజధానిగా నెల్లూరుసీమ నేలినవారు తెలుగు చోడులు. ఆ వంశమువాడైన మనుమసిద్ధికి తిక్కన సోమయాజి మంత్రి. సోమయాజి తండ్రి కొమ్మన. కొమ్మన సోదరుడు సిద్ధన. సిద్ధన కుమారుడు ఖడ్గతిక్కన. కేతన తన దశకుమారచరిత్రమును సోమయాజి కంకితమిచ్చుచు ఆ వంశమును వర్ణించియుండుటచే ఈ బంధుత్వము నిశ్చయముగా తెలియుచున్నది. పసుపుముద్ద కథను లోకమున నిలిపినవి మాత్రము చాటువులు.

కాటమరాజు యాదవవీరుడు. అనావృష్టిచే తన సీమలో మేత కఱవై, లెక్కకు మిక్కిలియైన ఆలమందలతో నెల్లూరి ప్రభువు నేలకు వచ్చెను. ఈ ప్రభువును వీరగాథలు నల్లసిద్ధి యనును. చరిత్రకారులలో పలువురు మనుమసిద్ధి యని తలతురు. గాథ చెప్పు ఒడంబడిక విచిత్రమైనది. నీటివలన పుట్టిన పచ్చిక యంతయు మందలది; మందలలో పుట్టిన కోడెదూడలు రాజువి. వానలు లేక బీడులలో పచ్చిక మాడినపుడు యాదవులు మందలను వరిచేలమీదికి తోలిరి. వరియు నీటివలన పుట్టినదే కదా! ఒప్పందపు మాటలోని సందును ఇంత చక్కగా పట్టుకొన్న న్యాయవాది నేటి న్యాయస్థానములలోనైన అరుదు. పుల్లరి తగాదా ఇచ్చట ముదిరినది. కాని గాథ ఇచ్చట ఆగదు. రాజు ఉంపుడుగత్తెయైన కుందమాదేవి ముద్దుగా పెంచుకొన్న చిలుక యాదవుల చేతిలో చచ్చినదనియు, ఆమె కోపించి ఆలను చంపించినదనియు, దానితో కాటమరాజు పుల్లరి చెల్లింప నిరాకరించె ననియు చెప్పును.

పోరు పాలేటి ప్రాంతమున జరిగినది. ఈ ప్రాంతము 1970లో కొత్త జిల్లా యేర్పడువఱకు నెల్లూరు జిల్లాలోనిదే. ఖడ్గతిక్కన మొదట సేనను నడిపి, నిలువలేక ఇల్లు చేరెను. భార్య చానమ స్నానమునకు మంచము అడ్డముపెట్టి, పసుపుముద్ద నుంచినది. ఇదేమని యడిగిన భర్తకు, తల్లి, భార్య, మరలివచ్చిన తాను కలిసి ఇంట ముగ్గురాడువార మైతిమని భావము వచ్చునట్లు బదులు చెప్పినది. భోజనమునకు కూర్చుండగా తల్లి ప్రోలమ విఱిగిన పాలు వడ్డించి, పసులతోపాటు పాలును విఱిగినవని చమత్కరించినది. తిక్కన లేచిపోయెను. ఈమాఱు తిరిగిరాలేదు.

ఈ కథను మన పాఠ్యగ్రంథములు వీరపత్ని, వీరమాత యను శీర్షికలక్రింద చేర్చినవి. కుందమాదేవిని చేర్చలేదు, ఆమె ఉంపుడుగత్తె. అనగా ఒక యుద్ధమునకు మొదట చెడ్డ స్త్రీ, కడపట మంచి స్త్రీ. నడుమ నున్న అనావృష్టి, పుల్లరి, వరిచేల నష్టము ఈ యిద్దఱి చాటున దాగినవి. పల్నాటి కథలో నాయకురాలు నాగమ్మకు పట్టిన గతియు ఇట్టిదే. కోడిపందెమును, ఆమె కుటిలత్వమును ముందుంచి, దాయాదుల రాజ్యభాగపు తగాదాను వెనుకకు నెట్టినారు. ట్రాయి యుద్ధమునకు హెలెనును కారణము చేసిన గ్రీకులకు ఏజియను సముద్రపు వర్తకమార్గములు తెలియనివి కావు. స్త్రీని కారణము చేయుట కథకునికి సుకరము. పన్నును పాడుట కష్టము, చిలుకను పాడుట సులభము.

వీరగాథలను మేము తక్కువ చేయుట లేదు. ఆ మాటకు వచ్చినచో పుల్లరి తగాదాను ఇంత వివరముగా మనకు అందించినది కొమ్మువారు పాడిన ఈ గాథలే. ఏ ప్రబంధమును కాదు. తంగిరాల వెంకట సుబ్బారావుగారు వానిని సేకరించి, పరిష్కరించి, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున రెండు సంపుటములుగా వెలువరించుటచే 1970ల చివరనుండి అవి పరిశోధకులకు అందుబాటులో నున్నవి. అట్టి ఆకరము చేతనుండియు మన చారిత్రక నవల కుందమాదేవిని గాని, చానమను గాని గాథ విడిచిన చోటినుండి ముందుకు నడిపింపకుండుటయే మా ఫిర్యాదు.

ఇచ్చట ఒక యాక్షేపణ రావచ్చును. చాటువును, గాథను విడిచినచో ఈ స్త్రీలను గూర్చి ఆధారమే లేదు కదా, నవలాకారుడు గాలిలో మేడ కట్టవలెనా యని. ఆధారము లేదనుట పూర్తిగా నిజము కాదు. చానమ పేరిట లేకపోవచ్చును. చానమవంటివారి పేరిట ఉన్నది. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అను నిరువురు నెల్లూరు జిల్లా తామ్ర, శిలాశాసనములను సేకరించి మూడు సంపుటములుగా 1905లో ప్రకటించిరి. మన శాఖలలో ఆ సంపుటములను రాజుల తేదీలకొఱకు తెఱతురు. తేదీ దొరకగనే మూయుదురు. దానముల భాగమును చదివినవారికి అచ్చటచ్చట స్త్రీలు కనబడుదురు. రాణులే కాదు, అధికారుల భార్యలు, దేవాలయ సేవలోని స్త్రీలు. వారు ఎక్కువగా ఇచ్చినది నందాదీపము. గుడిలో రేయింబవళ్లు ఆఱక వెలుగు దీపము.

దీపము వెలుగుటకు నేయి కావలెను. నేతికి పాలు, పాలకు మంద. దాత్రి గుడికి ఇచ్చునది నేయి కాదు, పశువులను. గుడివారు వానిని కాపరుల కప్పగింతురు. కాపరి దినమునకింత యని కొలతచొప్పున నేయి తెచ్చి పోయవలెను. నెల్లూరుసీమ శాసనములలో చాల భాగము తమిళమున నున్నది. చోళుల కాలపు తమిళ శాసనములలో ఒక దీపమునకు 96 గొఱ్ఱెలు, కొన్నిచోట్ల 90 అని వాడుక. ఆ గొఱ్ఱెలను చావనివి, ముదియనివి అని వర్ణింతురు. చచ్చినదానికి మాఱుగా పిల్లను చేర్చికొని కాపరి లెక్క తప్పకుండ నిలుపవలె నని దాని యర్థము. కాగితముమీద గొఱ్ఱె చావదు. బీటిమీద చచ్చును. ఆ రెంటికి నడుమ నున్న నష్టము కాపరి యింటిది.

ఈ వివరమును ఇంత దీర్ఘముగా చెప్పుటకు కారణము కలదు. పుల్లరి పోరు పురుషుల పోరని, స్త్రీలకు దానితో సంబంధము పసుపుముద్దవఱకే యని మనము అనుకొనుచుంటిమి. గుడిలో ఒక స్త్రీ తన పేర నిలిపిన దీపము బీటిలోని గడ్డిమీద ఆధారపడి యున్నదన్నచో, గడ్డికై జరిగిన పోరు ఆమె పోరు కూడ. పాలు పితికి, తోడుపెట్టి, చిలికి, వెన్న కాచిన కాపరి యింటి స్త్రీకి అంతకంటె దగ్గఱ పోరు. ప్రోలమ విఱిగిన పాల చమత్కారము ఈ వెలుతురులో చూచినపుడు మాకు కొత్తగా వినబడినది. మంద చెదరినచో పాలకు ఏమగునో మొట్టమొదట తెలియునది వంటయింటిలోనివారికే. ఆమె మాటలో కొడుకు పౌరుషమును రెచ్చగొట్టుట మాత్రమే కాక, ఆ యింటి దినవెచ్చపు లెక్కయు ఉన్నదని మా యభిప్రాయము. దీనిని ఒప్పుకొననివారు ఉండవచ్చును.

ఇక నవలాకారులు. తెలుగు చారిత్రక నవలలో స్త్రీ లేదనుట అన్యాయము. రుద్రమదేవి సంగతి చూడుడు. శాసనములలో ఆమె పేరు చాలచోట్ల రుద్రదేవమహారాజు. 13వ శతాబ్ది చివర మన తీరమును గూర్చి వ్రాసిన మార్కోపోలో, మోటుపల్లి రేవు గల రాజ్యమును ఒక రాణి న్యాయముగా పాలించిన దని మెచ్చుకొనెను గాని, ఆమెను గతించిన రాజునకు భార్యగా పొరబడెను. విద్యానాథుని ప్రతాపరుద్రీయము ఆమె గణపతిదేవుని కుమార్తె యని స్పష్టపఱచినను భార్యయను పొరపాటు చాలకాలము చరిత్రగ్రంథములలో తిరిగినది. ఆమె 1289లో మరణించినట్లు చందుపట్ల శాసనమువలన తెలియుట యింకను ఆలస్యముగా జరిగినది. ఇట్లు పురుషుని పేరిట కప్పబడిన రాణికి తెలుగువారి మనస్సులో రూపము నిచ్చినవారు చరిత్రకారులకంటె నవలాకారులే. అడివి బాపిరాజుగారి గోన గన్నారెడ్డిలో ఆమె రాజ్యభారమును మోయు స్త్రీగా నిలిచినది. ఆమెతోపాటు కత్తి పట్టిన అన్నాంబికను బాపిరాజుగారు కల్పించిరి. నోరి నరసింహశాస్త్రిగారు (1900–1978) నన్నయ, తిక్కన, ఎఱ్ఱనల కాలములను నారాయణభట్టు, రుద్రమదేవి, మల్లారెడ్డి యను నవలలుగా మలచుచు, వానిలో తిక్కన కాలపు నవలకు రాణి పేరే పెట్టిరి. ఇది సామాన్యమైన విషయము కాదు. మహాకవి కాలమునకు రాణి పేరు గుఱుతయినది.

అయినను గమనింపుడు: వచ్చినది రాణి. లేక రాణివంటి వీరవనిత. సింహాసనము గలచోట ఆధారమును ఉన్నది, పాఠకుని యాసక్తియు ఉన్నది. సింహాసనము లేని స్త్రీని తెచ్చినపుడు మన కథకులు ఏమి చేసిరో చూడవలెను. తెలుగు నవల పుట్టుకలోనే దీనికొక నిదర్శనము కలదు. కర్నూలు ప్రాంతమున ఉద్యోగించిన నరహరి గోపాలకృష్ణమసెట్టి 1872లో శ్రీరంగరాజచరిత్రము ప్రకటించెను. రాజశేఖరచరిత్రమునకు ముందే వెలువడుటచే దీనిని తొలి తెలుగు నవలగా నెన్నువారున్నారు. దీనికి సోనాబాయి పరిణయ మనియు పేరు. సోనాబాయి లంబాడీల తండాలో పెరిగిన పిల్ల. రాకుమారుడు ఆమెను వలచును. తండాలోని పిల్లను గ్రంథము ముఖపత్రము మీదికి తెచ్చుట ఆనాటికి ఎంత సాహసము! కాని పెండ్లి దగ్గఱకు వచ్చునప్పటికి ఆమె పుట్టుకచే లంబాడీ కాదని, పెద్దయింటి బిడ్డయేయని తేలును. గ్రంథకర్త తలుపు తెఱచెను. ఆమె గడప దాటుటకు ముందు ఆమె కులము మార్చెను.

ఈ గడపయొద్ది మార్పు మొల్ల విషయమునను జరిగినది. ఆమె విషయమున మార్చినది కులమును కాదు, కాలమును. ఆతుకూరి మొల్ల కుమ్మరి కేసన కూతురు, గోపవరమువాసిని. గోపవరము కడప జిల్లా బద్వేలు ప్రాంతములోని దని పలువురి నిర్ణయము. నెల్లూరుకు ఆ చోటు దూరము కాదు. ఏకామ్రనాథుని ప్రతాపరుద్రచరిత్ర ఆమెను కాకతీయుల కాలమునకు ముడిపెట్టినది. నెల్లూరున భారతము వ్రాయుటలో తిక్కనకు లేఖకుడుగా నుండినాడని చెప్పుకొను కుమ్మర గురునాథునితోను ఆమెను జతపఱచిన కథలు పుట్టినవి. కుమ్మరి కులమున ఇద్దఱు పేరొందినచో వారు బంధువులే కావలెనని లోకము తలచును కాబోలు! మఱికొన్ని కథలు ఆమెను కృష్ణదేవరాయల కొలువునకు నడిపించినవి. మొల్ల తన రామాయణపు అవతారికలో శ్రీనాథుని పూర్వకవిగా స్తుతించినది. ఆ యొక్క మాటతో తిక్కన కాలపు ముడి విడిపోవుచున్నది. రాయల కొలువు కథకు ఆమె గ్రంథమున ఆధారము లేదు. కృతిని ఆమె రాజున కిచ్చి యుండలేదు, రామున కిచ్చినది.

మొల్లను గొప్పచేయుటకు ఆమెను ఒక మహాకవి చెంతకో, ఒక మహారాజు చెంతకో చేర్చవలసి వచ్చుట చిత్రమైన గౌరవము. తన చదువును గూర్చి ఆమె తానే వినయముగా చెప్పుకొన్నది. తండ్రిని, ఆయన శివభక్తిని చెప్పుకొన్నది. సారె తిరుగు ఇంట రామాయణము పుట్టిన దన్న వార్త ఏ రాజసభా కథకంటెను పెద్దది. ఇంటూరి వెంకటేశ్వరరావుగారు 1969లో వెలువరించిన నవలకు కుమ్మర మొల్ల యని పేరుపెట్టిరి. ఆ పేరులో వృత్తిని దాచక ముందుంచుట మాకు నచ్చినది. సుంకర సత్యనారాయణగారు దానిని బుఱ్ఱకథగా మలచుటచే, నవల చదువనివారికిని మొల్ల పరిచయమైనది. మఱుసటి సంవత్సరమే ఆమె చరిత్ర చలనచిత్రముగాను వచ్చినది. విమర్శకులు ఈ నవలను చరిత్రదోషముల జాబితా చేయుటకు మాత్రమే చదువుట మానుకొన్నచో మంచిది. తప్పులు దిద్దుట మన వృత్తియే. కాని నాలుగైదు శతాబ్దులు పద్యములలో మాత్రమే బ్రతికిన స్త్రీకి ఇల్లు, వాకిలి, తండ్రి మందలింపు, ఊరివారి యెగతాళి కల్పించి చూపువాడు లేకున్న దిద్దుటకు మనకేమి మిగులును?

నెల్లూరుసీమలో ఆధారమే స్త్రీ చేతినుండి వచ్చిన సందర్భము ఆధునికకాలమున ఒకటి కలదు. మినగల్లులో పుట్టి పొట్లపూడి కోడలైన పొణకా కనకమ్మగారు (1892–1963) బడి చదువు లేకయే కవయిత్రి యైనది, స్వాతంత్ర్యోద్యమమున కారాగారవాస మనుభవించినది, 1923లో నెల్లూరున ఆడుపిల్లలకై కస్తూరీదేవి విద్యాలయమును స్థాపించినది. ఆమె స్వీయచరిత్ర కనకపుష్యరాగము గ్రంథరూపమున వెలువడినది 2011లో. అనగా ఆమె గతించిన 48 ఏండ్లకు. రాజులు లేని కాలమున, అచ్చుయంత్రములున్న కాలమున, పదిమందికి తెలిసిన స్త్రీ తన చేతితో వ్రాసికొన్న మాటకే ఇంత యాలస్యము జరిగినపుడు, 13వ శతాబ్ది స్త్రీ మాట చాటువులో రెండు పద్యములుగా నైనను మిగులుట ఆశ్చర్యమే.

కనుక చానమ యొద్దకు మరల వచ్చుచున్నాము. పద్యము ఆమెను మంచము ప్రక్కన నిలిపి విడిచినది. తిక్కన లేచిపోయిన తరువాత ఆ మంచమును తీసినదెవరో, ఆ పసుపుముద్ద ఏమైనదో చాటువునకు అక్కఱలేదు. వీరుడు పడగానే దాని పని ముగిసినది. నవలాకారుని పని అచ్చట ముగియరాదు. కుందమాదేవిని గూర్చియు ఇంతే. రాజు ఇంట ఆమెకు హక్కు లేదు, పేరునకు గౌరవము లేదు; తనదని చెప్పుకొనుటకు ఒక చిలుక యున్నది. యుద్ధనింద మోయుటకు అటువంటి మనిషి యందఱకు అనుకూలము. రాజు ఖజానాకు పుల్లరి ఎందుకు కావలసివచ్చెనో, చిలుక కథ ఎవరి నోట మొదట పుట్టెనో ఆలోచించు నవల వచ్చినచో, కుందమాదేవి మంచిదా చెడ్డదా యను ప్రశ్న తనంతతానే వెనుకబడును.

మేము నవలలు వ్రాయువారము కాము. ఒకనాడు ప్రయత్నించి, మొదటి ప్రకరణముననే తేదీల చర్చలో చిక్కుకొని విడిచితిమి. కాని ఎచ్చట మొదలుపెట్టవలెనో ఇప్పుడు తోచుచున్నది. రాజసభలో వలదు, రణరంగమున వలదు. పాలేటి యొడ్డున మందలు చెదరిన మఱునాటి తెల్లవాఱున, ఎవతెయో యొక దాత్రి నిలిపిన దీపమునకు ఆనాటి నేయి కొలిచి యీయవలసిన కాపరి యిల్లు. మగవారు తిరిగిరాలేదు. ఇంటిలోని స్త్రీ ఉట్టిమీది కుండ దించి, లోపల చేయిపెట్టి చూచుకొనుచున్నది. గుడినుండి మనిషి వచ్చి వాకిట నిలిచినాడు.

ఆనాడు ప్రశ్న అడిగిన విద్యార్థిని ఇప్పుడు మా శాఖలోనే పరిశోధన చేయుచున్నది. నెల్లూరు శాసనసంపుటములలోని దానములనుండి స్త్రీల పేర్లను, వారిచ్చిన పశువుల లెక్కను, వానిని అందుకొన్న కాపరుల పేర్లను వేఱువేఱు చీటీలమీద వ్రాసికొనుచున్నది. రెండు సంపుటములు ముగిసినవి.